రెండు గంటలు తక్కువ

ఇలోయ్‌లోలో, రేవుకి రెండు వీధుల ఇవతల,
హోటల్ మేడమీది హాల్లో
లాయర్లకి మళ్ళీ బడి.

మూడేళ్ళలో ముప్పై ఆరు గంటలు
కూర్చుని వినాలి.
వినకపోతే నంబరు రాదు.
నంబరు లేని దావా కాగితం
పొట్లం కట్టుకోడానికే.

నా పని తలుపు దగ్గర.
మెడలో బిళ్ళలు, సంతకాల పుస్తకం,
వచ్చిన వేళ, వెళ్ళిన వేళ.
మధ్యలో జారుకునే వాళ్ళని పట్టుకోడానికి
రోజుకి ఆరువందల పేసోలు.
నేనూ లా చదివాను. బార్ పరీక్ష ఒకసారి పోయింది.
ఇక్కడ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

లోపల ఏసీ వణికిస్తోంది.
ఒకావిడ బల్లకింద చెప్పులు విడిచి
కక్షిదారుకి మెసేజీలు కొడుతోంది.
వెనక వరస మొత్తం
కళ్ళు తెరుచుకునే నిద్రపోతోంది,
వాయిదాల్లో చేసిన సాధన.

ముందు వరసలో మగ్బానువా గారు.
డెబ్బై ఒకటి.
గిమారస్ దీవి నుంచి
వెదురు రెక్కల పడవలో వస్తారు రోజూ,
చొక్కా అంచున ఎండిన ఉప్పు చారతో.
చేతిలో రూళ్ళ పుస్తకం, ఒకటో క్లాసు పిల్లాడిది.

మూడోరోజు మధ్యాహ్నం వృత్తి నీతి.
చెప్పే పిల్ల
ఆయన నోటరీ ముద్ర కంటే చిన్నది.
"అప్పీలు గడువు దాటింది. తప్పు మీది.
కక్షిదారుకి ఏం చెబుతారు?"

"కోర్టు కొట్టేసిందని!" అన్నారెవరో.
హాలంతా నవ్వింది,
భోంచేసిన కడుపుల నవ్వు.

కాసేపటికి ఆయన నా బల్ల ముందున్నారు.
బాత్రూమ్ అటు సర్, అన్నాను.
"అది కాదు, ఇండాయ్.
గాలి లేచింది. నాలుగున్నర పడవే ఆఖరిదట."
ఇప్పుడు వెళ్తే రెండు గంటలు పోతాయి సర్,
ముప్పై నాలుగే మిగుల్తాయి.
ఆయన వేళ తనే రాశారు. 3:50.
అభిప్రాయ పత్రం అడిగి తీసుకుని
నిలబడే నింపి, బోర్లించి పెట్టి వెళ్ళారు.

రాత్రి నూట పన్నెండు పత్రాలు లెక్కపెట్టాను.
చాలా బావుంది.
చాలా బావుంది.
ఏసీ తగ్గించండి.
నూడుల్స్ మళ్ళీ పెట్టలేదు.

ఈ రోజు ఏం నేర్చుకున్నారు, అన్న చోట
ఆయన రాత:

"పంతొమ్మిదేళ్ళ కిందట ఒకామె పొలం కేసు.
అప్పీలు ఒక్కరోజు ఆలస్యంగా వేశాను.
కోర్టు కొట్టేసిందని చెప్పాను.
అబద్ధం కాదు, సగం.
ఏటా మేలో ఆమె ఇంకా
బుట్టెడు మామిడిపళ్ళు పంపుతుంది.
తింటున్నాను."

ముందు పేరు రాసి,
కనబడకుండా గట్టిగా కొట్టేశారు.
కక్షిదారు గుట్టు. ఆ అలవాటు పోలేదు.

పాఠం ఎంత ఉపయోగపడింది, ఒకటి నుంచి ఐదు.
ఏ అంకె చుట్టూ సున్నా చుట్టలేదు.
పక్కన: ఇంకా తెలీదు.

ఈ పత్రాన్ని ఏ సగటులో కలపాలి?

సంతకాల పుస్తకం తీశాను.
మూడుని అయిదు చెయ్యడానికి
ఒక్క వంపు చాలు.
ముసలాయనకి నంబరు వస్తుంది, ఎవరి సొమ్మూ పోదు.
పెన్ను ఆనించాను కూడా.
పక్కన చిన్న సిరాచుక్క పడింది.

తీసేశాను.

నవంబరులో నాకు నీతి పేపరుంది.
గడువు ప్రశ్నకి జవాబు
క్లాజుల నంబర్లతో సహా నోటికి వచ్చు.

మెట్ల కిటికీలోంచి చూస్తే
జలసంధి మీద దీపాల్లేవు.
పడవలు ఎప్పుడో ఆగిపోయాయి.
ఆయన ఈపాటికి ఆమె వాకిట్లో ఉంటారు,
లేకపోతే తన ఇంట్లోనే, లైటార్పుకుని.

ఇది మార్చి.
గిమారస్‌లో కాయలు ఇంకా పచ్చివి.
మేలో బుట్ట వస్తుందో, రాదో.